ఊపిరితిత్తులు క్లియర్ అన్నారు, ఆ తర్వాత కాలు వాచింది

కాకినాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రక్తం తీసే ట్యూబులకు రంగురంగుల మూతలుంటాయి, మీరూ గమనించే ఉంటారు. ఊదా మూతది రక్తకణాల లెక్కకి, బూడిదరంగు మూతది షుగర్‌కి, ఎర్ర మూతది కిడ్నీ, లివర్ పరీక్షలకి. నీలం మూత ట్యూబు మామూలు రోజుల్లో అంతగా వాడం. గుండెలో వాల్వు మార్పించుకున్నవాళ్లు వస్తేనో, ఆపరేషన్‌కి ముందు రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూడాలంటేనో దాని అవసరం. 2021 ఏప్రిల్, మే నెలల్లో మాత్రం అవి డబ్బాలకు డబ్బాలు అయిపోయేవి. కోవిడ్ అని తేలిన ప్రతివాళ్లకీ డాక్టర్లు డీ-డైమర్ రాసేవారు. "దగ్గూ ఆయాసమూ అయితే రక్తం గడ్డకట్టే టెస్టు ఎందుకండీ?" అని పేషెంటుతో వచ్చినవాళ్లు అడిగేవారు.

ఆ ప్రశ్నకు సమాధానం చివరికి నా ఒంట్లోనే చూడాల్సి వచ్చింది. కోవిడ్ అంటే ఊపిరితిత్తుల జబ్బు అని మనలో చాలామందికి ఇప్పటికీ ఉంది. ఆయాసం తగ్గి, ఆక్సిజన్ 97 చూపిస్తే గండం గడిచినట్టే అనుకుంటాం. నాకు అసలు ఇబ్బందులన్నీ ఆ తర్వాతే వచ్చాయి. అందుకే ఊపిరితిత్తుల సంగతి ఇక్కడ తక్కువ రాస్తాను.

మొదట డీ-డైమర్ అంటే ఏమిటో చెప్పాలి. రక్తం గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ అనే ప్రొటీను దారాల్లా అల్లుకుంటుంది. పని అయిపోయాక ఆ గడ్డను ఒళ్లే మళ్లీ కరిగించేస్తుంది. కరిగినప్పుడు విడిపోయే ముక్కలే డీ-డైమర్. అది పెరిగిందంటే ఒంట్లో ఎక్కడో గడ్డలు కడుతున్నాయి, కరుగుతున్నాయి అని అర్థం. ఎక్కడ అన్నది మాత్రం ఆ టెస్టు చెప్పలేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, గర్భంతో ఉన్నా, ఆపరేషన్ అయినా, వయసు పైబడినా పెరుగుతుంది. పైగా యూనిట్ల గొడవ ఒకటి. ఒక ల్యాబ్ 500 లోపు నార్మల్ అంటుంది, ఇంకో ల్యాబ్ 0.5 లోపు అంటుంది, వేరే పద్ధతిలో చేసే ల్యాబ్ 250 లోపు అంటుంది. నిన్న ఇంకోచోట 0.6 వచ్చింది, ఇవాళ మీ దగ్గర 620 అయిందేంటని అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ చేసిన కొడుకులున్నారు. రెండూ ఇంచుమించు ఒకటేనండీ అంటే వాళ్లు నమ్మడానికి టైం పట్టేది.

నాకు మే నెలలో సోకింది. దేశంలో రోజుకి 4 లక్షలకు పైగా కేసులు వస్తున్న రోజులవి. కాకినాడ అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది, కేసుల్లో మా జిల్లా రాష్ట్రంలోనే ముందుండేది. టీకా ఒక డోసు పడింది, రెండోది పడేలోపే అంటుకుంది. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనాలు మొదలయ్యాయి. ఎండలకి తిన్నది పడలేదేమో అని మా అత్తయ్య మజ్జిగ కలిపిచ్చారు. మర్నాటికి జ్వరం, ఆ తర్వాత ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏ వాసనా తెలియలేదు. ఆర్టీపీసీఆర్ పాజిటివ్.

విరేచనాలతో మొదలవడం నాకు ఆశ్చర్యంగా అనిపించలేదు. ఈ వైరస్ కణంలోకి దూరడానికి ఏస్-2 అనే ఒక ప్రొటీనును తలుపులా వాడుకుంటుంది. ఆ తలుపు ఊపిరితిత్తుల్లోనే కాదు, పేగుల లోపలి పొరలో, మూత్రపిండాల్లో, గుండెలో కూడా ఉంది. 2020లోనే హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధనా సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీటి శాంపిళ్లలో ఈ వైరస్ జన్యుపదార్థం కోసం వెతికి, నగరంలో ఎందరికి సోకి ఉంటుందో అంచనా వేశారు. సోకినవాళ్ల మలంలో వైరస్ ఆనవాళ్లు చాలా రోజుల పాటు పోతూంటాయి కాబట్టే అది సాధ్యమైంది.

ఇంట్లో కొన్నాళ్లున్నాక, గదిలో ఆరు నిమిషాలు నడిచి చూస్తే ఆక్సిజన్ 91కి పడింది. మా ఆయన బెడ్ కోసం ఎన్ని ఫోన్లు చేశారో. చివరికి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో దొరికింది. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కోరు 25కి 10. ఆక్సిజన్ పెట్టారు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలెట్టారు, రోజూ పొట్ట మీద రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ వేసేవారు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లలో డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందని బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ట్రయల్ 2020 జూన్‌లోనే తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల మేలు కనబడలేదని కూడా ఆ ట్రయలే చెప్పింది. ఈ రెండో ముక్క మన దగ్గర చాలామందికి చేరలేదు. జ్వరం వచ్చిన మొదటి రోజే వాట్సాప్‌లో తిరిగే చీటీ చూసి స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కుని మింగినవాళ్ల శాంపిళ్లు మా ల్యాబ్‌కి వచ్చేవి. షుగర్ 400, 450. చూస్తే భయం వేసేది.

నాకూ షుగర్ పెరిగింది. అడ్మిట్ అయినప్పుడు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 5.6, అంటే అంతకుముందు నాకు షుగర్ లేదు. స్టెరాయిడ్ మొదలయ్యాక భోజనం తర్వాత 340 చూపించింది. ఇన్సులిన్ వేశారు. ముఖం ఒకవైపు మొద్దుబారుతోందా, చెంప నొప్పిగా ఉందా, ముక్కులోంచి నల్లగా ఏమైనా వస్తోందా అని డాక్టరు గారు రోజూ అడిగేవారు. బ్లాక్ ఫంగస్ భయం అది. ఆ నెలలోనే కేంద్రం దాన్ని తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలకు చెప్పింది, తెలంగాణలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి కేంద్రంగా పెట్టారు. ఆ ఫంగస్ మన చుట్టూ మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండేదే. అదుపు తప్పిన షుగరూ, స్టెరాయిడూ కలిస్తే దానికి దారి దొరుకుతుంది. నాకు రాలేదు. మా వార్డులో ఒక పెద్దాయనకి వచ్చింది, కన్ను తీసేయాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది.

అక్కడే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8 నుంచి 1.4కి పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్ వచ్చింది. జ్వరం, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గడం ఒక కారణం. వైరస్ వల్ల పుట్టే వాపు మూత్రపిండాలను దెబ్బతీయడం ఇంకో కారణం కావచ్చు. ఒళ్లు నొప్పులకి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర ఏదీ వేయొద్దని డాక్టరు గారు కేస్‌షీట్ మీద పెద్ద అక్షరాలతో రాశారు. నీళ్లు తాగడం, సెలైన్, రోజూ మూత్రం కొలవడం, వీటితోనే నెమ్మదిగా తగ్గింది.

ఆక్సిజన్ తీసేసినా 96, 97 ఉంటోందని డిశ్చార్జి చేశారు. ఎక్స్‌రే చూసి "లంగ్స్ క్లియర్ అవుతున్నాయమ్మా" అన్నారు. పొట్ట ఇంజెక్షన్లు అక్కడితో ఆగాయి.

ఇంటికొచ్చాక ఎడమ కాలి పిక్కలో నొప్పి. పట్టేసినట్టుండేది, పాదం పైకి వంచితే లాగేది. ఇన్నాళ్లు మంచం మీద ఉన్నావు కదా, కొబ్బరినూనె రాసి మర్దనా చేస్తానని అత్తయ్య అన్నారు. నేను వద్దన్నాను. మాకు తెలిసిన ఫిజీషియన్‌కి వీడియో కాల్ చేశాం.

"రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూపించమ్మా. టేపు ఉందా ఇంట్లో?"

కుట్టుమిషను సొరుగులో ఉన్న టేపు తెచ్చి మా ఆయన కొలిచారు. మోకాలి కింద, రెండు కాళ్లకీ ఒకే ఎత్తులో. ఎడమ పిక్క 3 సెంటీమీటర్లకు పైగా లావుంది. చేత్తో తాకితే వేడిగా ఉంది.

"మర్దనా చేయించావా?"

"లేదు సార్."

"చేయించకు. ఇవాళే డాప్లర్ తీయించు. రేపు అనొద్దు."

డాప్లర్ అంటే రక్తనాళాలను చూసే అల్ట్రాసౌండ్ స్కాన్. అది తీసేటప్పుడు సోనాలజిస్ట్ ప్రోబుతో కాలి సిరను నొక్కుతూ పోతారు. మంచి సిర నొక్కగానే అణిగిపోతుంది. లోపల గడ్డ ఉంటే అణగదు. స్క్రీన్ నాకు కనబడుతూనే ఉంది. తొడ దగ్గర అణిగింది, కిందికి వచ్చింది, అణిగింది. మోకాలి వెనక ఆవిడ నొక్కుతోంది, ఆ నల్లటి గుండ్రం అలాగే ఉంది. ఇంకోసారి నొక్కింది. అలాగే ఉంది. ఆవిడ నోరు తెరవకముందే నాకు అర్థమైంది. డీవీటీ, అంటే లోపలి పెద్ద సిరలో గడ్డ. దాని ముక్క తెగి పైకి పోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే రక్తనాళానికి అడ్డం పడుతుంది. ప్రాణం తీసేది అదే. మర్దనా వద్దనేది అందుకే.

ఎందుకిలా జరుగుతుందో డాక్టరు గారు చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి చెప్తాను. రక్తనాళాలన్నిటికీ లోపల ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు. నాన్‌స్టిక్ పెనం మీది పూత లాంటిది. అది బాగున్నంతకాలం రక్తం దేనికీ అంటుకోకుండా జారిపోతుంది. కోవిడ్‌లో వైరస్ వల్లా, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు చేసే పోరాటం వల్లా ఆ పొర వాచి దెబ్బతింటుంది. 2020 ఏప్రిల్‌లోనే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ వైద్యులు, కోవిడ్ పేషెంట్ల గుండె, చిన్నపేగు, మూత్రపిండాల్లోని రక్తనాళాల పొరలో వాపు కనబడిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. రక్తనాళం లేని అవయవం లేదు కాబట్టి ఈ జబ్బు తాకలేని అవయవమూ లేదు. నాకు కాల్లో వచ్చింది, ఇంకొకరికి గుండెలో వస్తుంది, మరొకరికి మెదడులో వచ్చి పక్షవాతం అవుతుంది. 2022లో స్వీడన్‌లో, కోవిడ్ వచ్చిన పది లక్షల మందికి పైగా రికార్డులు చూసి తేల్చిందేమిటంటే, కాలి సిరల్లో గడ్డ కట్టే ముప్పు మూడు నెలల వరకు, ఊపిరితిత్తుల్లో గడ్డ ముప్పు ఆరు నెలల వరకు ఎక్కువగానే ఉంటోందని. నేను "బాగయిపోయి" ఇంటికొచ్చింది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే.

మెట్లెక్కితే కొంచెం ఆయాసంగా ఉందన్నాను. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమో చూడాలంటే రక్తంలోకి మందు ఎక్కించి సీటీ యాంజియో తీయాలి. ఆ మందు కిడ్నీల మీద పడుతుంది. నా క్రియాటినిన్ అప్పటికి ఇంకా 1.2 దగ్గర ఉంది. ఒక అవయవాన్ని చూడబోతే ఇంకోటి అడ్డం వచ్చింది. డాక్టరు గారు కాసేపు ఆలోచించి, ముందు 2డీ ఎకో, అంటే గుండె స్కాన్ చేయించారు. గుండె కుడివైపు మీద ఒత్తిడి లేదు, ఆక్సిజన్ బాగుంది, బీపీ బాగుంది. గడ్డ అక్కడ ఉన్నా లేకపోయినా ఇప్పుడిచ్చే మాత్రలు ఒకటే, సీటీ వద్దులే అన్నారు. ఆ నిర్ణయం మీద నాకు చాలా గౌరవం. అందరూ అన్ని స్కాన్లూ తీయిస్తున్న రోజుల్లో ఆయన అవసరాన్ని చూశారు.

రివరాక్సబాన్ మాత్రలు రాశారు. మూడు వారాల పాటు 15 మిల్లీగ్రాములవి రోజుకి రెండు, ఆ తర్వాత 20 మిల్లీగ్రాములది ఒకటి. భోజనంతో పాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టదు. రక్తం పలచబడే మందు అంటాం కానీ అది గడ్డను కరిగించదు. గడ్డ పెరగకుండా ఆపుతుంది, కరిగించే పని ఒళ్లే చేసుకోవాలి. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, తలకి దెబ్బ తగలడం, వీటిలో ఏది జరిగినా వెంటనే రమ్మన్నారు.

ఇక్కడ ఆడవాళ్ల కోసం ఒక మాట రాయాలి, ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి. ఈ మందు మీద ఉండగా నెలసరి చాలా ఎక్కువగా కావచ్చు. నాకు రెండు నెలల్లోనే హిమోగ్లోబిన్ 12 నుంచి 9.4కి పడింది. నీరసం అంతా కోవిడ్ నీరసమే అని సరిపెట్టుకునేదాన్ని, ఊదా మూత ట్యూబులో నా రక్తం నేనే తీసుకుని మెషిన్‌లో పెట్టకపోతే. సిగ్గుపడి మందు మానేయకండి. గైనకాలజిస్ట్‌కి చూపించుకుంటే ఐరన్ ఇస్తారు, రక్తస్రావం తగ్గే దారి చూస్తారు. మందు మానేస్తే గడ్డ పెరగొచ్చు.

గుండె సంగతి. డ్యూటీలో మళ్లీ చేరాక లేచి నిలబడితే దడ. కూర్చుంటే 78 ఉండే నాడి, నిలబడి శాంపిల్ తీస్తుంటే 118, 120. కళ్లు తిరిగేవి. ఈసీజీ, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్, ఎకో అన్నీ నార్మల్. టెన్షన్ వల్లేనని తేల్చేసినవాళ్లు ఉన్నారు. మా ఫిజీషియన్ మాత్రం పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి పది నిమిషాల పాటు నిమిషం నిమిషానికీ నాడి చూశారు. బీపీ పడిపోకుండానే నాడి 30కి పైగా పెరిగి అక్కడే ఉంటే దాన్ని పాట్స్ అంటారు. గుండె మంచిదే, దాని వేగాన్ని నడిపే నరాల వ్యవస్థ తడబడుతుంది. కోవిడ్ తర్వాత ఇది చాలామందికి వచ్చింది. నీళ్లు ఎక్కువ, బీపీ లేదు కాబట్టి ఉప్పు కాస్త ఎక్కువ, కాళ్లకి బిగుతు మేజోళ్లు, ముందు పడుకుని చేసే వ్యాయామం, తర్వాత కూర్చుని చేసేది, ఆ తర్వాతే నడక. గుండె వేగం తగ్గించే ఒక చిన్న మాత్ర కూడా కొన్నాళ్లు వేసుకున్నాను. తగ్గడానికి నెలలు పట్టింది.

ఇది నా ఒక్కదాని కథ కాదని తర్వాత వచ్చిన పరిశోధనలు చూశాక గట్టిగా అనిపించింది. అమెరికాలో కోవిడ్ వచ్చిన లక్షన్నర మంది మాజీ సైనికుల రికార్డులను ఏడాది పాటు గమనిస్తే, గుండెపోటు, పక్షవాతం, గుండె లయ తప్పడం, గడ్డలు, అన్నీ కోవిడ్ రానివాళ్లకంటే ఎక్కువగా వచ్చాయి. ఆస్పత్రిలో చేరకుండా ఇంట్లోనే తగ్గినవాళ్లలో కూడా ఎక్కువే. 2022 చివర్లో అమెరికా పరిశోధకులు 44 మంది మృతదేహాలను పరీక్షించి, మెదడుతో సహా శరీరమంతటా వైరస్ ఆర్ఎన్ఏ, అంటే దాని జన్యుపదార్థం చూశారు. ఒకరిలో జబ్బు మొదలైన 230 రోజులకు కూడా అది ఉంది. ఆ 44 మందిలో ఎక్కువమంది తీవ్రమైన కోవిడ్‌తో పోయినవాళ్లు, అందరికీ అలా ఉంటుందని కాదు. అయినా "అది లంగ్స్ జబ్బు" అనే మాట మాత్రం ఇక చెల్లదు.

వాసన తిరిగి వచ్చింది కానీ వంకరగా వచ్చింది. ఉల్లిపాయ వేగుతుంటే మురుగు కంపు. కాఫీ కాలిన రబ్బరు. కోడిగుడ్డు పేరెత్తితే వాంతి. తిరగమోత వేసేటప్పుడు నేను డాబా మీదికి వెళ్లిపోయేదాన్ని. వాసన పసిగట్టే నరాల కణాల్లోకి వైరస్ నేరుగా వెళ్లడం కంటే, వాటిని పోషించే పక్క కణాలను దెబ్బతీయడమే ఎక్కువని అంటారు. ఏస్-2 ఉండేది ఆ పక్క కణాల్లోనే. ఈఎన్‌టీ డాక్టరు మేడమ్ ఒక సాధన చెప్పారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగు వాసనలు పొద్దునా రాత్రీ ఒక్కొక్కటి కొన్ని క్షణాలు పీల్చాలి, పీలుస్తూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. రోజ్ వాటర్, నిమ్మతొక్క, లవంగాలు, నీలగిరి తైలం నాలుగు చిన్న శాంపిల్ డబ్బాల్లో పెట్టుకున్నాను. మొదట లవంగం వచ్చింది.

జుట్టు దువ్వెనకి పిడికెడు చొప్పున ఊడింది. జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి ఊడటం మామూలే, మళ్లీ మొలిచింది. దానికి కంగారుపడి నూనెలకి డబ్బు పోయకండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మతిమరుపు. పేషెంటు పేరు విని ట్యూబు మీద రాసేలోపు జారిపోయేది. మా పనిలో అది కుదరదు. అందుకని పేరు, వయసు, ఏ పరీక్ష అన్నది రెండుసార్లు పైకి చదివి పేషెంటు చేతే సరేననిపించుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. బ్రిటన్‌లో 785 మంది మెదడు స్కాన్లను రెండేసిసార్లు తీసి పోల్చిన అధ్యయనంలో, మధ్యలో కోవిడ్ వచ్చినవాళ్లలో వాసనకు సంబంధించిన భాగాల్లో చిన్నపాటి తగ్గుదల కనబడింది. చదివినప్పుడు భయపడ్డాను. నాకైతే నెలలు గడిచేకొద్దీ తేటపడింది.

నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్తాను. సెకండ్ వేవ్‌లో మనవాళ్లు అప్పులు చేసి మరీ సీటీలు తీయించారు, రోజు విడిచి రోజు డీ-డైమర్ చేయించారు. లక్షణాలేమీ లేకుండా ఆ అంకె కోసం పరుగెత్తడం వల్ల ఒరిగిందేమీ లేదు. డిశ్చార్జి తర్వాత చేయించాల్సినవి చాలా చవకవి. పరగడుపున, తిన్నాక షుగర్. క్రియాటినిన్. మూత్రంలో ప్రొటీన్. బీపీ. దడగా ఉంటే ఒక ఈసీజీ. ఒక కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా ఇంట్లో కూర్చోకూడదు. మర్దనా, కాపడం జోలికి పోకూడదు.

నా డాప్లర్ మళ్లీ చూస్తే సిర తెరుచుకుంది, మందు ఆపేశారు. పిక్క సాయంత్రానికి కొంచెం బరువెక్కుతుంది, డ్యూటీలో మేజోళ్లు వేసుకుంటాను. క్రియాటినిన్ 0.9, మూత్రంలో ప్రొటీన్ లేదు. షుగర్ మాత్రం వెనక్కి పోలేదు. స్టెరాయిడ్ ఆపిన నెలల తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ 6.7 వచ్చింది. మా అమ్మకి షుగర్ ఉంది, నాకూ ఎప్పుడో వచ్చేదేమో, కోవిడ్ ముందుకు లాగిందేమో, తేల్చి చెప్పలేమన్నారు డాక్టరు గారు. మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. కాఫీ తాగగలుగుతున్నాను. కోడిగుడ్డు వాసన ఇంకా పడదు, పిల్లలకి ఆమ్లెట్ మా ఆయనే వేస్తారు.